మైనం కరగలేదు

మొన్న సోమవారం మా ఇంటి మీటరు బోర్డు మార్చడానికి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. చెక్క బోర్డు తీసేసి ఇనప పెట్టె పెట్టించుకోమని కరెంటు ఆఫీసువాళ్ళు అమ్మకు రెండుసార్లు చెప్పి వెళ్ళారు. అతను మూత విప్పి, లోపలికి చూసి అలాగే ఉండిపోయాడు.

"ఏమ్మా, మీకు ఈ గిన్నె క్లాంపు ఎవరు పెట్టారు?"

నేను వంటింటి తలుపు వెనక ఉన్నాను. ఇంటికి ఎవరొచ్చినా నేను అక్కడే ఉంటాను. అమ్మే చెప్పింది.

"మా అమ్మాయి పనిచేసే ఫ్యాక్టరీలో మేస్త్రిగారని ఒకాయన ఉండేవాడులే."

"పొట్టిగా, జేబులో కొవ్వొత్తి ముక్క పెట్టుకుని?"

"ఆ, ఆయనే. నిలబడ్డ చోట నిలబడడు మనిషి."

"ఆయన పోయారమ్మా. ఉగాదికి ముందే. వినుకొండ మిల్లులో ఆయన దగ్గరే నేను పని నేర్చుకుంది."

అతను మూత మళ్ళీ పెట్టేశాడు. స్తంభం మీద ఫ్యూజు తీయించకుండా ఆ బోర్డు ముట్టుకోకూడదనీ, లైన్‌మన్‌ని వెంటబెట్టుకుని గురువారం వస్తాననీ చెప్పి వెళ్ళిపోయాడు. పొయ్యి మీద పాలు పొంగి కిందికి కారుతున్నాయి. నేను చూస్తూనే ఉన్నాను.

ఆ రోజు నుంచి ఒక చోట కూర్చోలేకపోతున్నాను. పుస్తకం తీస్తే ఒకే పేజీ నాలుగుసార్లు చదువుతున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆ పేరును ఒక దరఖాస్తు మీద, 'నిజమైన మొదటి ఆవిష్కర్త' అని ఇంగ్లీషులో ఉన్న మాటల పక్కన, టైపు చేసింది నేనే. ఆ దరఖాస్తు చెల్లకుండా పోవడంలో కూడా నా చెయ్యి ఉంది.

గుంటూరు చివర ఇండస్ట్రియల్ ఎస్టేటులో మాది చిన్న ఫ్యాక్టరీ. కరెంటు తీగను మోటారుకో, స్టార్టరుకో, మీటరుకో కలిపే చోట వేసే లగ్గులు, క్లాంపులు చేస్తాం. పత్తి మిల్లులవాళ్ళు, మిరపకాయల కోల్డు స్టోరేజీలవాళ్ళు, పొలంలో మోటారున్న రైతులు కొంటారు. ప్రొప్రైటరు గారు మిషన్ స్కూల్లో మా నాన్న దగ్గర చదువుకున్నారు. ఆ గౌరవంతో నాకు టైపిస్టు ఉద్యోగం ఇచ్చారు. నా బల్లను ఇనప బీరువా వెనక వేయించుకున్నాను. మిషను చప్పుడు తప్ప నేనున్నట్టు ఎవరికీ తెలిసేది కాదు. మధ్యాహ్నం డబ్బాలో తెచ్చుకున్న అన్నం తిన్నాక సొరుగులోంచి నవలో, డైరీయో తీసేదాన్ని.

మేస్త్రిగారికి ఒక కుర్చీ ఉండేది. ఆయన దాని మీద కూర్చోగా నేను చూసింది తక్కువ. కూర్చున్నా అంచు మీదే, ఒక కాలు ఆడిస్తూ. "ఆ కుర్చీకి మేకులున్నాయిరా, ఆయనకొక్కడికే గుచ్చుకుంటాయి" అనేవాళ్ళు లేతు దగ్గర కుర్రాళ్ళు. ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళకన్నా ముందు "మీటరు ఎక్కడుంది?" అని అడిగేవారు. వెళ్ళి అరచెయ్యి తిప్పి, వేళ్ళ వెనకభాగం బోర్డు మీద ఆనించేవారు, జ్వరం చూసినట్టు. మిర్చి యార్డులో అందరూ తుమ్ములతో ముక్కులు పోగొట్టుకుని తిరుగుతుంటే, ఆయన ఆ ఘాటులోనే కాలుతున్న స్విచ్చి వాసన పట్టి, ఏ షెడ్డులోదో వెతుక్కుంటూ వెళ్ళారని లేతు మేస్త్రి కథలా చెప్పేవాడు.

నేను కళ్ళారా చూసింది మా చర్చిలో. నాన్న పిలిస్తే ఈస్టరు ఆరాధనకు వచ్చారు. పాస్టరు గారి ప్రసంగం సగంలో ఉండగా లేచి, మగవాళ్ళ వరసల మధ్య నుంచి వంగి నడుచుకుంటూ గోడ దగ్గరికి వెళ్ళారు.

"ఎవరు బాబూ? ఏం కావాలి?" అన్నారు పాస్టరు గారు.

"మీరు కానివ్వండయ్యగారూ. ఇక్కడ మీ బోర్డు మూలుగుతోంది, చూసొస్తా."

మెయిన్ స్విచ్చి తీసేశారు, ఫ్యాన్లన్నీ ఆగిపోయాయి. ఆ ఉక్కలో ప్రసంగం పది నిమిషాల్లో ముగిసింది. బయటికి వస్తూ పాస్టరమ్మ గారు నవ్వుతూ, "మేస్త్రిగారూ, వచ్చే ఆదివారం కూడా తప్పకుండా రండి" అంది.

ఆయన మాట ఒకటుంది. రోజుకు నాలుగుసార్లయినా వినపడేది. "బిగించడం ఎవడైనా బిగిస్తాడు. బిగువు నిలవాలి."

ఆ మాట వెనకున్నది నాకు పేటెంటు కాగితాల వల్ల తెలిసింది.

ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్డులో ఆయన మూడేళ్ళు తంటాలు పడి ఒక క్లాంపు తయారు చేశారు. చిన్న గిన్నెల్లా వంచిన రెండు ఉక్కు వాషర్లు, మూతీ మూతీ కలిపి, నట్టు కింద. అందరూ గిన్నె క్లాంపు అనేవాళ్ళు. ప్రొప్రైటరు గారు దాన్ని చూసి, పేటెంటు తెచ్చుకుందాం అన్నారు. "వస్తే వెనకాల నీకు టెస్టింగు రూము కట్టిస్తానయ్యా. గోడలతో, తలుపుతో. ఇక లగ్గులు కొట్టే పని నీకొద్దు. నువ్వు ఇట్టాంటివే చేస్తా ఉండు." ఆ మాట తర్వాత మేస్త్రిగారు షెడ్డు వెనక ఖాళీ జాగాలో అడుగులు వేసి కొలుచుకోవడం కిటికీలోంచి చాలాసార్లు చూశాను.

మద్రాసులో పేటెంటు ఏజెంటు ఉన్నారు. ఆయన అడిగినవన్నీ మేస్త్రిగారు తెలుగులో చేతులతో చెప్పాలి, నేను ఇంగ్లీషులో పెట్టి టైపు చేయాలి. నా బల్ల దగ్గరికి వచ్చి మాట్లాడే మనిషి అప్పటిదాకా ఎవరూ లేరు.

"ఈ వాషర్లు ఏం చేస్తాయో రాయమంటున్నారు" అన్నాను మొదటి రోజు, కాగితం వైపే చూస్తూ.

"బేలు చూశావా అమ్మాయ్, పత్తి బేలు? ప్రెస్సులో నొక్కి ఇనప పట్టీలు వేస్తారు. లోపల పత్తి ఊరుకుంటదా? పట్టీని తోస్తానే ఉంటది, ఏడాదైనా తోస్తానే ఉంటది. అందుకే పట్టీ వదులు కాదు. ఈ గిన్నెలూ అంతే. లోపల నుంచి తోస్తా ఉంటాయి."

నేను అలాగే రాసి పంపాను. ఏజెంటు పత్తి మీద ఎర్రగీత కొట్టి తిప్పి పంపారు. యంత్రం గురించి చెప్పేటప్పుడు పత్తి వద్దన్నారు. ఆ వాక్యాన్ని డైరీలో దాచుకున్నాను.

తర్వాత ఇంకో ప్రశ్న వచ్చింది. ఇప్పుడు వాడుకలో ఉన్న క్లాంపుల్లో లోపమేమిటి? మేస్త్రిగారు లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చారు, మళ్ళీ వెళ్ళారు.

"పత్తి మిల్లులో కొత్తగా చేరినప్పుడమ్మాయ్. స్టార్టరులో లగ్గు నేనే బిగించా. పది రోజులకు దాని దగ్గర నిప్పురవ్వ లేచింది. పక్కన విడిపత్తి."

"వదులుగా బిగించారా?" ఆయన్ని నేను అడిగిన మొదటి ప్రశ్న అదే అనుకుంటాను.

"లేదు. గట్టిగా బిగించా. ఇప్పటికీ ఈ మణికట్టుకు గుర్తుంది. అల్యూమినియం తీగ వేడికి ఉబ్బుద్ది, చల్లారితే కుంచించుకుపోద్ది. రోజూ అదే. నట్టు నట్టులాగే కనపడతది. బిగువు మాత్రం ఉండదు."

"మనుషులకేమన్నా..."

"అది కాగితంలోకి వద్దులే."

నేను టైపు చేసింది ఒక్క వాక్యం. వాడుకలో ఉన్న తీగల కలుపులు కొంతకాలానికి వదులయ్యే అవకాశం ఉంది. ఏజెంటు దాని మీద ఏ గీతా కొట్టలేదు.

కాగితాలు ఇలా అటూ ఇటూ తిరగడానికి దాదాపు ఏడాది పట్టింది. మధ్యలో ఏజెంటు గట్టిగా ఒక ఉత్తరం రాశారు. దరఖాస్తు చేరేదాకా ఈ వస్తువును బయట ఎవరికీ చూపకూడదు, ఎక్కడా వాడకూడదు. బయట వాడుకలోకి వచ్చిన దానికి పేటెంటు రాదు. నేను దాన్ని తెలుగులో చదివి వినిపించాను.

మేస్త్రిగారు తల గీరుకున్నారు. "చూపించకుండా ఉండొచ్చు. చూసి ఊరుకోడం ఎట్టా అమ్మాయ్?"

ఊరుకోలేదు. వదులైన కలుపు కనపడితే చాలు, జేబులోంచి గిన్నె క్లాంపు బయటికి వచ్చేది. క్లాంపు పెట్టాక దాని పక్కన గోరంత మైనం అద్దేవారు. కొవ్వొత్తి మైనంలో గుగ్గిలం పొడి కలిపి ఆయనే చేసుకున్నది, ఎండకు కరగదు, కలుపు వేడెక్కితేనే కరుగుతుంది. కొన్నాళ్ళకు మళ్ళీ వెళ్ళి చూసుకునేవారు. సోమవారం రాగానే బీరువా పక్క నుంచి తల పెట్టి చెప్పేవారు. "తుళ్ళూరు మోటారు, మైనం కరగలేదు." "బస్టాండు దగ్గర ఐసు ఫ్యాక్టరీ, మైనం కరగలేదు." ఎవరికీ చెప్పకూడదు గనుక నాకే చెప్పేవారు. డైరీలో రాసుకోవడానికి నా జీవితంలో పెద్దగా ఏమీ జరిగేది కాదు గనుక, తేదీ వేసి అవన్నీ రాసేదాన్ని.

మా ఇంటికి కూడా వచ్చారు. నాన్నకు ఒంట్లో బాగుండడం లేదని చూడడానికి. నాన్న మంచం మీటరు బోర్డు కిందే ఉండేది. పలకరింపు అయీ కాకముందే మూత విప్పారు. నేను వంటింట్లో టీ పెడుతూ వింటున్నాను.

"ఏందయ్యా, మా ఇంటి మీదా మీ పరీక్షలు? మనిషి పడుకునే చోటు అది" అంది అమ్మ.

"పరీక్ష కాదమ్మా, పరీక్షలన్నీ అయిపోయినాయి. ఇది పనికొస్తదని తెలిసే పెడతన్నా."

ఆ మాట కూడా డైరీలో రాశాను. రెండు నెలలకు ఒక ఆదివారం మళ్ళీ వచ్చారు. నాన్న నిద్రపోతున్నారు. మీటరు దగ్గర కాసేపు నిలబడితే, "మళ్ళీ ఏందయ్యా, లేస్తారు" అంది అమ్మ గొంతు తగ్గించి. "ఏం లేదమ్మా, ఊరికే" అని వెళ్ళిపోయారు. నేను తలుపు వెనక నుంచి రాలేదు. డైరీలో 'మేస్త్రిగారు ఊరికే వచ్చి వెళ్ళారు' అని ఉంది.

దరఖాస్తు వెళ్ళింది. నాన్న పోయారు. రెండేళ్ళు దాటాక దరఖాస్తును అంగీకరిస్తున్నట్టు గెజెట్‌లో వేశారు. ఫ్యాక్టరీలో లడ్డూలు పంచారు. లడ్డూ చేతిలో పట్టుకునే మేస్త్రిగారు ఆ ఖాళీ జాగాలోకి వెళ్ళి అడుగులు వేశారు.

అభ్యంతరాలు చెప్పుకోవడానికి ఇంకా గడువు ఉంది. ఆ గడువు చివర్లో బొంబాయిలో ఒక పెద్ద కంపెనీ అభ్యంతరం వేసింది. వినుకొండ మిల్లులో నుంచి విప్పిన గిన్నె క్లాంపును, దరఖాస్తుకు నెల ముందే అది మిల్లులో ఉందని మేనేజరు ఇచ్చిన ఉత్తరాన్ని జత చేసింది.

మద్రాసు నుంచి ఏజెంటు స్వయంగా వచ్చారు. తెల్లటి చొక్కా, పెద్దాయన, మెల్లగా మాట్లాడతారు. ప్రొప్రైటరు గారి గదిలో మేస్త్రిగారిని నిలబెట్టారు. నన్ను షార్టుహ్యాండు కోసం పిలిచారు.

"పెట్టావా?" అన్నారు ప్రొప్రైటరు గారు.

"పెట్టా బాబూ."

"వద్దని చెప్పామా లేదా? ఇంకెక్కడ పెట్టావు?"

"గుర్తుండవు బాబూ. చాలా చోట్ల."

ప్రొప్రైటరు గారు తల పట్టుకున్నారు. ఏజెంటు మాత్రం కంగారు పడలేదు. చట్టంలో ఒక దారి ఉందన్నారు. బయట పెట్టి చూస్తే తప్ప తేలని వస్తువైతే, దరఖాస్తుకు ముందు ఏడాదిలోపు పరీక్ష కోసం పెట్టిన దాన్ని వాడుక కింద లెక్కవేయరు. "కానీ అవి పరీక్షలేనని చూపాలి. అప్పుడే రాసిపెట్టినవి ఏమైనా ఉన్నాయా? తేదీలతో?"

నేను పెన్సిలు కింద పెట్టాను. "నా డైరీలో ఉన్నాయండీ" అన్నాను. గదిలోని ముగ్గురూ నన్ను అప్పుడే చూసినట్టు చూశారు.

పాత డైరీలు రెండు బీరువాలో ఫైళ్ళ వెనక ఉండేవి. తెచ్చి నిలబడే చదివాను. సంత గురించి, నవలల గురించి, అమ్మ మీద కోపం గురించి రాసుకున్నవన్నీ దాటవేస్తూ, ఆయన చెప్పినవి మాత్రమే. తుళ్ళూరు మోటారు, మైనం కరగలేదు. చర్చి బోర్డు, మైనం కరగలేదు. ఏజెంటు మొహం విప్పారుతోంది. "పరీక్షంటే ఇదేనండీ. ఇంతకన్నా మంచి రికార్డు ఎవరు పెడతారు?" అన్నారు. ప్రొప్రైటరు గారు నాకు కుర్చీ లాగి వేశారు.

పేజీ తిప్పితే మా ఇల్లు వచ్చింది. ఆ వాక్యం కనపడింది. దాని అర్థమేమిటో అప్పుడు తెలిసింది. మా ఇంటి తర్వాతే వినుకొండ మిల్లు. మా ఇంటికే పరీక్షలు అయిపోతే, ఆ తర్వాత మిల్లులో పెట్టింది పరీక్ష ఎలా అవుతుంది? రెండు పేజీలు కలిపి తిప్పేశాను. "వినుకొండ మిల్లు..." అని మొదలుపెట్టాను.

"అమ్మాయ్, మీ ఇల్లు వదిలేశావు" అన్నారు మేస్త్రిగారు.

మోసం పట్టుకున్నట్టు అనలేదు. ఎక్కడో ఒక నట్టు మరిచిపోయారని గుర్తు చేసినట్టు అన్నారు. నేను వెనక్కి తిప్పి చదివాను. 'పరీక్ష కాదమ్మా, పరీక్షలన్నీ అయిపోయినాయి.' నా గొంతు నాకే వినపడలేదు, కానీ వాళ్ళకు వినపడింది.

ఏజెంటు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఈ మాట మీరు అన్నారా?"

"అన్నానండి."

"ఎందుకన్నావయ్యా!" అని ప్రొప్రైటరు గారు బల్ల గుద్దారు. తర్వాత నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "ఒక్క పేజీ తల్లీ. మీ ఇంటి సంగతి వాళ్ళకెందుకు? చింపెయ్" అన్నారు.

నేను ఆ పేజీ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. చింపనని అనలేదు. చింపుతాననీ అనలేదు. ఇప్పటికీ నన్ను నిలవనివ్వనిది అదే. ఎవరూ అడ్డుపడకపోతే ఏం చేసి ఉండేదాన్నో నాకు తెలియదు.

"వద్దు బాబూ" అన్నారు మేస్త్రిగారు. "అది ఆ పిల్ల పుస్తకం."

ఏజెంటు కూడా, తాను విన్నాక ఇక ఆ డైరీని పంపలేనన్నారు. నెల తిరక్కుండా దరఖాస్తు వదులుకున్నాం. ప్రొప్రైటరు గారు ఆయన్ని పనిలోంచి తీసెయ్యలేదు. లగ్గులు కొట్టే ప్రెస్సు దగ్గర నిలబెట్టారు. రేకుల షెడ్డులో అట్టపెట్టెలు పెట్టారు. నాలుగు నెలలు ఆ ప్రెస్సు దగ్గర కదలకుండా నిలబడ్డారాయన. ఆయన కదలకుండా ఉండడం చూడలేకపోయేదాన్ని.

వెళ్ళిపోయే రోజు బీరువా పక్క నుంచి తల పెట్టారు. "వినుకొండ పోతన్నా అమ్మాయ్. మిల్లువాళ్ళు రమ్మన్నారు."

నేను లేచి నిలబడ్డాను. చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. "నా వల్లే కదండీ" అన్నాను.

"నీ వల్లేంది? నేనన్న మాటే రాశావు. అక్షరం పోకుండా రాశావు." స్విచ్చి మీద వేళ్ళు ఆనించి చూసి, "ఇది బానే ఉంది" అన్నారు. అదే ఆఖరు.

ఇక్కడిదాకా నిన్న రాసి ఆపాను. ఇవాళ గురువారం.

ఎలక్ట్రీషియన్ పొద్దున్నే లైన్‌మన్‌తో వచ్చాడు. నేను ఈసారి తలుపు వెనక నిలబడలేదు. ఎందుకో వెళ్ళి అతని పక్కనే నిలబడ్డాను. అతను బోర్డును గోడ నుంచి విప్పి వెనక్కి తిప్పాడు.

"మంచి సరుకండీ. ఇప్పుడు బజార్లో ఎవరుబడితే వాళ్ళు చేస్తన్నారు, ఏడాదికే గిన్నెలు చప్పబడిపోతాయి. ఇది చూడండి, ఇంకా తోస్తానే ఉంది." వేలితో క్లాంపు వెనక తడిమి ఆగాడు. "ఇదేంది? ఓ, మైనం. ఆయన పెట్టే మైనం."

నేను చూశాను. క్లాంపు వెనక, గోరంత. దుమ్ము పట్టి నల్లబడింది. అతను ఊదితే దుమ్ము పోయింది. మైనం మీద బొటనవేలి గీతలు, గుండ్రంగా, ఒక్కటీ చెదరకుండా ఉన్నాయి.

"కరిగితే గీతలు పోయేవండీ" అన్నాడు అతను.

అమ్మ భయపడకూడదని మేస్త్రిగారు నోటితో పరీక్ష కాదన్నారు. చేత్తో పరీక్షకు పెట్టారు. రెండు నెలలకు ఊరికే రాలేదు, ఇది చూసుకోవడానికే వచ్చారు. మా ఇంట్లో పరీక్ష అయిపోలేదు. అంటే వినుకొండకూ అయిపోలేదు. ఆ రోజు ఆ గదిలో నేను డైరీ పట్టుకుని నిలబడ్డప్పుడు, మాకు కావలసిన సాక్ష్యం మా నాన్న మంచం పైన గోడకే ఉంది. నేను టీ గ్లాసుతో తలుపు దాటి నాలుగడుగులు వేసి ఉంటే, ఆ వేలు మైనం అద్దడం చూసి ఉండేదాన్ని, రాసి ఉండేదాన్ని. నేను విన్నది రాశాను.

మరి ఆయనెందుకు చెప్పలేదు? ఇన్ని చోట్ల మధ్య మరిచిపోయారా? మా అమ్మతో అన్న మాట అబద్ధమని నా ఎదుట ఒప్పుకోలేకపోయారా? నా పుస్తకంలో ఉన్నదాన్ని కాదనడం ఇష్టం లేకపోయిందా? పొద్దుటి నుంచి ఇంట్లో తిరుగుతూనే ఉన్నాను. "కాసేపు కూర్చోవే, ఆయన పూనినట్టున్నాడు నీకు" అంటోంది అమ్మ.

"కొత్త పెట్టెలోకి ఇదే మార్చనా, పారేసి కొత్తది వేయనా?" అని పొద్దున అడిగాడు ఎలక్ట్రీషియన్.

"అదే వేయండి" అన్నాను. గట్టిగానే అన్నాననుకుంటాను, అమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది. "మైనం కదలనివ్వకండి."

అతను వెళ్ళాక ఆ డైరీ తీశాను. 'మేస్త్రిగారు ఊరికే వచ్చి వెళ్ళారు' అన్న చోట 'ఊరికే' కొట్టేశాను. కింద మిగిలిన జాగాలో ఇవాళ్టి తేదీ వేసి రాశాను:

మా ఇల్లు. మైనం కరగలేదు.